ఏ నిమ్ము? వెంటిలేటర్ రోగి ఊపిరితిత్తులను మంచం పక్కనే అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తో చూడటం

ఐసీయూ బయట కూర్చున్న బంధువులకు మనం ఎక్కువసార్లు చెప్పే మాట ‘ఊపిరితిత్తులకు నిమ్ము చేరింది’. ఆ ఒక్క మాటలో కనీసం నాలుగు జబ్బులు దాక్కుంటాయి. న్యుమోనియా నిమ్మే. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి ఊరిన నీరూ నిమ్మే. ఊపిరితిత్తికి బయట, పొరల మధ్య నిలిచిన నీరూ నిమ్మే. కఫం అడ్డుపడి ఒక లోబ్ (ఊపిరితిత్తిలో ఒక భాగం) ముడుచుకుపోయి ఎక్స్-రేలో తెల్లగా పడితే దాన్నీ నిమ్మనే అంటాం. వైద్యం మాత్రం నాలుగింటికీ నాలుగు దారులు: యాంటీబయాటిక్, ఒంట్లో నీరు దించే లాసిక్స్, సూదితో నీరు తీయడం, సక్షనూ ఫిజియోథెరపీ. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే రోజులు పోతాయి, కిడ్నీలు పోతాయి, కొన్నిసార్లు మనిషే పోతాడు.

పడుకోబెట్టి తీసే పోర్టబుల్ ఎక్స్-రే ఈ నాలుగింటినీ సరిగ్గా విడదీయలేదు. ప్లేటు వీపు కింద ఉంటుంది, కిరణం ముందు నుంచి, తక్కువ దూరం నుంచి వస్తుంది. గుండె ఉన్నదానికన్నా పెద్దగా పడుతుంది. పొరల మధ్య నీరు వీపు వైపు పరుచుకోవడంతో ఆ పక్కంతా మసక కమ్ముతుంది. ఆ మసక నీరా, న్యుమోనియానా అని ఫిల్మ్ చూసి వాదించుకోవడం తప్ప తేలదు. 2004లో ఫ్రాన్స్‌కు చెందిన డేనియల్ లిక్టెన్‌స్టైన్ బృందం 32 మంది ఏఆర్డీఎస్ (ఊపిరితిత్తులు వాచి, నీరు పట్టి, ఆక్సిజన్ అందని తీవ్ర స్థితి) రోగుల్లో స్టెతస్కోపు, ఎక్స్-రే, అల్ట్రాసౌండ్ మూడింటినీ సీటీతో పోల్చి చూసింది. గట్టిపడిన ఊపిరితిత్తిని, అంటే కన్సాలిడేషన్‌ను, సరిగ్గా చెప్పడంలో స్టెతస్కోపు 36 శాతం, ఎక్స్-రే 75, అల్ట్రాసౌండ్ 97. పొరల మధ్య నీటి విషయంలో వరుసగా 61, 47, 93. నీటి దగ్గర ఎక్స్-రే స్టెతస్కోపుకన్నా వెనకబడింది. పడుకున్న రోగి ఫిల్మ్ చూసేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

ఖరీదైన యంత్రం అక్కర్లేదు. పొట్ట చూసే వంపు ప్రోబ్, అంటే 2 నుంచి 5 మెగాహెర్ట్జ్‌ది, ఉంటే పని జరుగుతుంది. ఊపిరితిత్తిని కప్పే ప్లూరా పొరను దగ్గరగా చూడాలంటే రక్తనాళాలకు వాడే లీనియర్ ప్రోబ్ బాగుంటుంది, కానీ దాని చూపు లోతుకు వెళ్లదు. అసలు పొరపాట్లు జరిగేది సెట్టింగుల దగ్గర. కొత్త యంత్రాలు బొమ్మను అందంగా చూపడానికి హార్మోనిక్స్, కాంపౌండ్ ఇమేజింగ్, మచ్చలు తగ్గించే ఫిల్టర్లు ఆన్‌లో ఉంచుకుని వస్తాయి. కాలేయం చూడ్డానికి అవి మంచివే. ఊపిరితిత్తుల్లో మనం చదివేవి చాలావరకు ప్రతిధ్వని గీతలు. ఫిల్టర్లు ఆ గీతల్నే ‘చెత్త’ అనుకుని తుడిచేస్తాయి. అందుకే ముందు వాటిని ఆపేయాలి. ఫోకస్ ప్లూరా లోతులో పెట్టాలి. ఛాతీ ముందు భాగానికి 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతు, కింద డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య కండరం) దగ్గర 14 నుంచి 16. గెయిన్, అంటే బొమ్మ వెలుగు, మరీ తగ్గిస్తే బీ-లైన్లు మాయమవుతాయి, మరీ పెంచితే మంచి ఊపిరితిత్తి కూడా తెల్లగా మెరుస్తుంది.

ప్రోబ్ గుర్తు తల వైపు ఉంచి, పక్కటెముకలకు అడ్డంగా పెట్టండి. తెర మీద రెండు ఎముకలు, వాటి కింద రెండు నల్లని నీడలు, వాటి నడుమ ఎముకల గీతకు అర సెంటీమీటరు కిందుగా మెరిసే అడ్డగీత కనబడాలి. రెక్కలు చాచిన గబ్బిలంలా ఉంటుంది కాబట్టి బ్యాట్ సైన్ అంటారు. ఆ అడ్డగీతే ప్లూరా. అది కనబడందే ముందుకు వెళ్లకూడదు. ఛాతీ కండరాల పొరలు కూడా మెరుస్తాయి, వాటిని ప్లూరా అనుకుంటే ఆ తర్వాత చదివేదంతా తప్పే. గీత మసగ్గా ఉంటే ప్రోబ్ వాలి ఉందన్నమాట. మణికట్టును కొద్దికొద్దిగా ఊపుతూ గీత పదునుగా మెరిసే కోణం పట్టుకోవాలి.

మంచి ఊపిరితిత్తిలో ఆ గీత ప్రతి శ్వాసకూ జారుతుంది. దాని కింద, చర్మం నుంచి ప్లూరాకు ఎంత దూరమో అంతే దూరంలో, అడ్డంగా ఏ-లైన్లు పడతాయి. గాలి శబ్దాన్ని దాదాపు మొత్తంగా వెనక్కి కొట్టేస్తుంది కాబట్టి అవి ప్లూరా ప్రతిబింబాలే. గాలి తగ్గి, గాలిగదుల మధ్య గోడలు ఉబ్బితే బీ-లైన్లు మొదలవుతాయి. ఇవి ప్లూరా నుంచే పుడతాయి, టార్చి వెలుగులా నిలువుగా తెర అడుగుదాకా చెక్కుచెదరకుండా దిగుతాయి, ఏ-లైన్లను చెరిపేస్తాయి, ప్లూరా జారితే దానితోపాటు జారుతాయి. సగంలో ఆగిపోయే చిన్న నిలువు గీతల్ని లెక్కించకూడదు. ఒక పక్కటెముక సందులో మూడు, అంతకు మించి ఉంటే అక్కడ జబ్బుందని అర్థం. లెక్కించేది ఫ్రీజ్ చేసిన బొమ్మ మీద కాదు. ఐదారు సెకన్ల క్లిప్ దాచి, శ్వాస మొత్తం చూసి, ఎక్కువ కనబడిన క్షణాన్ని తీసుకోవాలి.

బీ-లైన్లు కనబడగానే న్యుమోనియా అనేయడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. గుండె నీటిలోనూ, డయాలసిస్ ఆలస్యమైన రోగిలోనూ, ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడిన పాత ఫైబ్రోసిస్‌లోనూ బీ-లైన్లే ఉంటాయి. తేడా అవి పరుచుకున్న తీరులోనూ ప్లూరాలోనూ ఉంది. గుండె నీటిలో రెండు పక్కలా ఒకే తీరుగా ఉంటాయి, ప్లూరా నున్నగా ఉండి హాయిగా జారుతుంది. వాపు వల్ల వచ్చిన ఏఆర్డీఎస్‌లో మచ్చలు మచ్చలుగా ఉంటాయి: తెల్లబారిన చోటు పక్కనే పూర్తిగా మంచిగా ఉన్న చోటు. ప్లూరా మందంగా, గరుగ్గా మారుతుంది, జారడం తగ్గుతుంది, దాని కిందే చిన్న చిన్న నల్లని గుంటలు కనబడతాయి. ఈ పోలికల్ని 2008లో ఇటలీకి చెందిన కొపెట్టి బృందం వివరంగా రాసింది. స్క్రబ్ టైఫస్‌తో వచ్చే ఏఆర్డీఎస్‌లోనూ చూడాల్సింది ఈ మచ్చల తీరే. డెంగ్యూలో ద్రవం పొరల మధ్యకు కారుతుంది కాబట్టి అక్కడ ముందుగా వెతకాల్సింది నీటిని.

ఏఆర్డీఎస్ పేరు పెట్టడానికి ఇన్నాళ్లూ ఎక్స్-రే కానీ సీటీ కానీ కావాలనేవారు. రెండూ అంత తేలిగ్గా దొరకని రువాండాలో పనిచేసినవాళ్లు 2016లో కిగాలీ మార్పు పేరిట అల్ట్రాసౌండ్‌ను లెక్కలోకి తెచ్చారు. 2024లో అచ్చైన కొత్త ప్రపంచ నిర్వచనం దాన్ని ఒప్పుకుంది. నేర్చుకున్న చేయి చూసిన అల్ట్రాసౌండ్‌లో రెండు పక్కలా మార్పులుంటే చాలు. రక్త వాయు పరీక్ష (ఏబీజీ) లేకపోతే వేలికి పెట్టే ఆక్సిమీటర్ రీడింగును ఎఫ్ఐఓ2తో, అంటే ఇస్తున్న గాలిలో ఆక్సిజన్ వంతుతో, భాగించి 315, అంతకంటే తక్కువ వస్తే సరిపోతుంది, రీడింగు 97 దాటకుండా ఉండాలి. ఉదాహరణకు ఆక్సిజన్ 60 శాతం ఇస్తుంటే రీడింగు 92 ఉందనుకోండి. 92ను 0.6తో భాగిస్తే 153. రాత్రి రెండింటికి ఏబీజీ యంత్రం పనిచేయని జిల్లా ఆసుపత్రికి ఇది చిన్న వెసులుబాటు కాదు.

ఇక న్యుమోనియా దగ్గరికి వద్దాం. గాలిగదులు పూర్తిగా నిండిపోయిన ఊపిరితిత్తి తెర మీద కాలేయంలా కనబడుతుంది. అదే కన్సాలిడేషన్. లోబ్‌లో కొంత భాగమే గట్టిపడితే, గట్టి భాగానికీ గాలి ఉన్న భాగానికీ మధ్య అంచు చింపిన గుడ్డలా చిందరవందరగా ఉంటుంది. దీనికే ష్రెడ్ సైన్ అని పేరు. అయితే కాలేయంలా కనబడటం దగ్గర ఆగిపోతే ముడుచుకున్న లోబ్‌కీ న్యుమోనియాకీ తేడా తెలియదు. తేల్చాల్సింది అందులోని గాలిగొట్టాల్లో ఏం జరుగుతోందన్నది.

ఇక్కడ తొందరపడకూడదు. కన్సాలిడేషన్ దొరికాక ప్రోబ్‌ను కదలనివ్వకుండా చిటికెన వేలిని రోగి ఛాతీకి ఆనించి పెట్టండి. లోతు తగ్గించి ఆ భాగం తెర నిండేలా చూడండి. బూడిద రంగు ముద్దలో తెల్లని చుక్కలో, ఎండిన చెట్టు కొమ్మల్లాంటి గీతలో కనబడతాయి. అవి గొట్టాల్లో మిగిలిన గాలి. ఇప్పుడు కళ్లు ఒకే కొమ్మ మీద నిలిపి, చెవి వెంటిలేటర్ మీద పెట్టండి. యంత్రం శ్వాస నెట్టగానే ఆ తెల్లదనం కొమ్మ వెంట ప్లూరా వైపు పాకుతుంది, శ్వాస వదలగానే వెనక్కి తగ్గుతుంది. కదలిక ఒక మిల్లీమీటరు దాటితే చాలు, దాన్ని డైనమిక్ ఎయిర్ బ్రాంకోగ్రామ్ అంటాం. నమ్మకం కుదరకపోతే ఎం-మోడ్ (ఒకే గీత వెంట కదలికను కాలంతోపాటు చూపే పద్ధతి) గీతను ఆ కొమ్మ మీద వేయండి, ప్రతి శ్వాసకూ గీత వంకర తిరుగుతుంది. ముద్ద మొత్తం శ్వాసతో ఊగడం వేరు, ముద్దలోపల గాలి పాకడం వేరు. చుట్టూ ఉన్న బూడిద రంగును ఆధారంగా పెట్టుకుని చూస్తేనే ఆ తేడా తెలుస్తుంది.

ఆ కదలిక ఉందంటే గొట్టం తెరిచి ఉంది, గాలి లోపలికి వెళ్తోంది, అయినా గాలిగదులు నిండిపోయి ఉన్నాయి. ఇది న్యుమోనియా వైపు గట్టి సాక్ష్యం. 2009లో లిక్టెన్‌స్టైన్ బృందం చూపిన లెక్క ప్రకారం, అడ్డుపడి ముడుచుకున్న ఊపిరితిత్తి నుంచి న్యుమోనియాను విడదీయడంలో దీని స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో లేదని సరిగ్గా చెప్పడం) 94 శాతం, సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లను పట్టుకోవడం) 61 శాతమే. అంటే కనబడితే నమ్మవచ్చు. కనబడనంత మాత్రాన న్యుమోనియా లేదని కొట్టేయకూడదు, చిక్కటి చీముతో గొట్టమే నిండితే గాలి పాకదు.

గాలి చుక్కలు కదలకుండా ఉండి, లోబ్ చిన్నదై, ఆ పక్క డయాఫ్రమ్ పైకి లాగబడి, ప్లూరా జారకుండా గుండె చప్పుడుకు మాత్రమే అదురుతుంటే అడ్డు పడిందని అనుమానించాలి. ఎడమ ఊపిరితిత్తి మొత్తం ఇలా ఉంటే యాంటీబయాటిక్ గురించి ఆలోచించే ముందు పెదవి దగ్గర శ్వాస ట్యూబు ఎన్ని సెంటీమీటర్ల దగ్గర కట్టారో చూడండి. ట్యూబు కుడి గొట్టంలోకి దిగిపోయి ఉండవచ్చు.

వెంటిలేటర్ రోగిలో ఇవన్నీ దొరికేది వెనక కింది భాగంలో. వెల్లకిలా పడుకున్న మనిషిలో బరువంతా అటే దిగుతుంది. ముందు వైపు నాలుగు చోట్ల పెట్టి ‘లంగ్స్ క్లియర్’ అని రాస్తే అది చూసినట్టు కాదు. ఒక్కో పక్క ఆరు చోట్లు చూడాలి: ఛాతీ ఎముక నుంచి ముందు చంక గీతదాకా ముందు భాగం, అక్కడి నుంచి వెనక చంక గీతదాకా పక్క భాగం, ఆపైన వెన్నుదాకా వెనక భాగం, మూడింటిలోనూ పైన ఒకటి, కింద ఒకటి. రెండు పక్కలా కలిపి పన్నెండు. పక్కకు తిప్పాలంటే కనీసం ముగ్గురుండాలి, అందులో ఒకరి చేతిలో ట్యూబు తప్ప ఇంకేమీ ఉండకూడదు. బీపీ నిలబెట్టే నార్ఎడ్రినలిన్ ఎక్కువ మోతాదులో నడుస్తున్న రోగిని తిప్పలేకపోతే, భుజాన్ని కొద్దిగా ఎత్తించి, ప్రోబ్‌ను పరుపులోకి నొక్కి, దాని ముఖం ఆకాశం వైపు చూసేలా వెనక చంక గీత దగ్గర పెట్టండి. మొదట డయాఫ్రమ్ పట్టుకోండి. డయాఫ్రమ్ తెలిస్తేనే పైనున్నది ఊపిరితిత్తో కిందనున్నది కాలేయమో ప్లీహమో చెప్పగలం.

డయాఫ్రమ్ దగ్గరే మోసాలూ ఎక్కువ. మెరిసే డయాఫ్రమ్ అద్దంలా పనిచేసి, కింద ఉన్న కాలేయాన్నే పైన మళ్లీ చూపిస్తుంది. చూడ్డానికి అచ్చం కన్సాలిడేషనే. అప్పుడు వెన్నెముక గీతను చూడాలి. మంచి ఊపిరితిత్తి ఉంటే గాలి అడ్డొచ్చి వెన్ను గీత డయాఫ్రమ్ దగ్గరే తెగిపోతుంది. నిజంగా నీరో, గట్టిపడిన ఊపిరితిత్తో ఉంటే వెన్ను గీత డయాఫ్రమ్ దాటి పైకి కూడా కనబడుతుంది. ఎడమ పక్క, ఫీడ్‌తో నిండిన పొట్ట ఇంకో మోసం: లోపల తెల్లని చుక్కలు తేలుతూ బ్రాంకోగ్రామ్‌లా భ్రమ కల్పిస్తాయి. అనుమానమొస్తే పొట్టలోకి వేసిన రైల్స్ ట్యూబులో లాగి చూసి మళ్లీ స్కాన్ చేయండి. చర్మం కింద గాలి చేరిన రోగిలో పక్కటెముకలే కనబడవు, గాలి గీతలు బీ-లైన్లలా దిగుతాయి. గబ్బిలం లేని చోట ఏదీ చదవొద్దు.

నీరు ఉంటే దాని పరిమాణానికి ఒక తేలిక లెక్క ఉంది. తల వైపు 15 డిగ్రీలు ఎత్తి, వెనక చంక గీత మీద డయాఫ్రమ్‌కు పైన ప్రోబ్ అడ్డంగా పెట్టి, ఊపిరి వదిలిన చివర్లో రెండు పొరల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి 20తో గుణించాలి. 30 మిల్లీమీటర్లుంటే సుమారు 600 మిల్లీలీటర్లు. ఇది అంచనా మాత్రమే, గదులు గదులుగా కట్టిన చిక్కటి నీటికి పనికిరాదు. నీటిలో ఊపిరితిత్తి కొస ఆకులా ఊగుతుంటే అది నీటి ఒత్తిడికి ముడుచుకున్నది కావచ్చు. నీరు తీశాక తెరుచుకుందా లేదా మళ్లీ చూడకుండా న్యుమోనియా ముద్ర వేయకూడదు.

మన ఊళ్లలో ఈ పరీక్ష బాగా అక్కరకొచ్చేది పురుగుమందు తాగిన రోగుల దగ్గర. ఆర్గనోఫాస్ఫేట్ మింగిన మనిషికి మొదటి గంటల్లో గొట్టాల నిండా నురగ, ఊట. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండొచ్చు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ, శ్వాస కండరాలు చచ్చుబడే ఇంటర్మీడియట్ సిండ్రోమ్ వచ్చి, వెంటిలేటర్ మీద రోజుల తరబడి ఉంటాడు. ఈ మధ్యలో విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ కఫాన్ని ఎండగట్టి జిగురులా చేస్తుంది, అది గొట్టానికి బిరడా బిగిస్తుంది. నాలుగో రోజు జ్వరం, ఎక్స్-రేలో కుడి కింద తెలుపు. అట్రోపిన్ ఎక్కువైనా జ్వరం వస్తుంది. ఇది వాంతి తెచ్చిన పాత దెబ్బా, బిరడా పడి ముడుచుకుందా, వెంటిలేటర్ న్యుమోనియానా? ట్యూబు వేసిన రోజే పన్నెండు చోట్లా చూసి రాసిపెట్టి ఉంటే ఈ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. మొదటి రోజే కుడి కింద గట్టిగా ఉంటే పాతది. మొదటి రోజు శుభ్రంగా ఉండి, ఇప్పుడు గట్టిపడి, గాలి చుక్కలు కదలకపోతే సెలైన్ పోసి సక్షన్, ఫిజియోథెరపీ చేసి, తర్వాత మళ్లీ చూడండి. తెరుచుకుంటే అది బిరడా. కొమ్మలో గాలి పాకుతూ, ట్యూబులోంచి చీము వస్తుంటే కల్చర్ పంపి మందు మొదలుపెట్టండి. నన్నడిగితే, ట్యూబు వేసిన 24 గంటల్లోపు తీసే ఆ మొదటి స్కాన్‌కు ఉన్న విలువ తర్వాత తీసే ఏ స్కాన్‌కూ లేదు.

ఎందుకంటే అల్ట్రాసౌండ్ మనకు చెప్పేది గాలి ఎంత తగ్గిందన్నదే. అక్కడున్నది చీమో, నీరో, రక్తమో, సూక్ష్మజీవి ఏదో అది చెప్పదు. వెంటిలేటర్ న్యుమోనియా కోసం 2016లో వచ్చిన వీప్లస్ స్కోరు కూడా ఈ పరిమితిని దాచలేదు. రెండు, అంతకు మించిన చోట్ల ప్లూరా కింద చిన్న గట్టిదనాలకు 1, ఒక్క చోటైనా కొమ్మలా కదిలే బ్రాంకోగ్రామ్‌కు 2, ట్యూబులో చీముకు 1. మొత్తం 2, అంతకు మించితే న్యుమోనియా అనుకోవాలన్నారు. అలా అనుకుంటే సెన్సిటివిటీ 71, స్పెసిఫిసిటీ 69 శాతం. ఊపిరితిత్తి బొమ్మకు గ్రామ్ స్టెయిన్ (కఫానికి రంగు వేసి బ్యాక్టీరియాను చూసే పరీక్ష) ఫలితం జోడించినప్పుడు ఈ అంకెలు 78, 77కు పెరిగాయి. ల్యాబ్‌ను వదిలేసి ప్రోబ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని దీన్నిబట్టే తెలుస్తోంది.

మందు పనిచేస్తోందా లేదా చూడటానికి మాత్రం ఇది చక్కని పరికరం. ప్రతి చోటుకూ 0 నుంచి 3 వేయాలి. ఏ-లైన్లుండి బీ-లైన్లు రెండుకు మించకపోతే 0, విడివిడిగా మూడు, అంతకు మించితే 1, అతుక్కుపోయి తెల్లతెరలా దిగితే 2, గట్టిపడితే 3. మొత్తం 36కు. అంకె వెంట పీప్ (ఊపిరి వదిలాక కూడా యంత్రం ఊపిరితిత్తుల్లో నిలిపే ఒత్తిడి) ఎంతో, తల ఎంత ఎత్తులో ఉందో, ఆ రోజు వరకు ద్రవాల జమాఖర్చు ఎంతో తప్పక రాయాలి. నిన్న పీప్ 5 దగ్గర 22 వచ్చి, ఈ రోజు పీప్ 12 దగ్గర 17 వస్తే జబ్బు తగ్గిందనుకోలేం, ఒత్తిడితో తెరుచుకుని ఉండొచ్చు. రాత్రి మూడు లీటర్లు ఎక్కించాక స్కోరు పెరిగితే మందు మార్చడానికి అది కారణం కాదు. అసలు జాగ్రత్తగా చూడాల్సింది మొత్తం అంకెను కాదు, మొదట గట్టిపడిన చోటే 3 నుంచి 2కు, 2 నుంచి 1కి దిగుతోందా అన్నది.

జెల్ సంగతి చాలామంది పట్టించుకోరు. పెద్ద డబ్బాలోంచి చిన్న సీసాలోకి పోసుకుంటూ, అడుగున మిగిలినదాని మీదే మళ్లీ నింపుతూ ఉంటే ఆ సీసాలో బర్ఖోల్డేరియా అనే బ్యాక్టీరియా పెరగవచ్చు. 2021లో అమెరికాలో కలుషితమైన జెల్ వల్ల రోగులకు రక్తంలో ఇన్ఫెక్షన్లు సోకి అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. ఖాళీ అయిన సీసా పారేయాలి. సూది గుచ్చే పని ఉంటే ఒకసారి వాడి పారేసే స్టెరైల్ జెల్ ప్యాకెట్టే వాడాలి. ప్రోబ్ మీద జెల్‌ను ముందు పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆ తర్వాతే క్రిమిసంహారక వైప్‌తో తుడవాలి, ప్యాకెట్ మీద రాసినంతసేపు తడిగా ఉండనివ్వాలి. కొన్ని ప్రోబ్‌ల రబ్బరు ముఖం స్పిరిట్‌కు పగులుతుంది, కంపెనీ కాగితం చూసుకోండి. వైరూ, బటన్లూ కూడా తుడవాలి. గ్లవ్స్‌తో రోగిని ముట్టుకుని అదే చేత్తో బటన్లు నొక్కేది మనమే.

మన దేశంలో ఇంకో సంగతీ ఉంది. ఊపిరితిత్తులు చూడటానికి మాత్రమే కొన్న యంత్రమైనా గర్భంలో లింగ నిర్ధారణను అడ్డుకునే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద నమోదు కావాల్సిందే. పోర్టబుల్ యంత్రం, మొబైల్ మెడికల్ యూనిట్‌ది తప్ప, నమోదైన ఆసుపత్రి ప్రాంగణం దాటకూడదు. జేబులో పట్టే ప్రోబ్‌కూ ఇదే వర్తిస్తుంది. సొంతంగా కొనుక్కుని రెండు మూడు ఆసుపత్రులకు తిప్పుదామనుకునే కుర్ర డాక్టర్లు కొనకముందే ఇది తెలుసుకోవాలి.

కేస్ షీట్లో ‘బైలేటరల్ నిమ్ము’ తరహాలో ఒక ముక్క రాసి వదిలేయకుండా ఇలా రాయండి: ‘మూడో రోజు, ఉదయం 8. పీప్ 8, తల 30 డిగ్రీలు, నిన్నటికి 1200 మిల్లీలీటర్లు ప్లస్. కుడి వెనక కింద 3, మొదటి రోజు 0. కొమ్మ బ్రాంకోగ్రామ్ కదులుతోంది. నీరు లేదు. మిగతా పదకొండు చోట్లా మార్పు లేదు. ట్యూబు నుంచి పచ్చ కఫం, కల్చర్ పంపాం. మొత్తం స్కోరు 9. మళ్లీ ఎల్లుండి ఉదయం 8కి, ఇదే పీప్ దగ్గర.’